నక్కలు తిన్న పుట్టి

ఊళ్ళో ఎవరు ఎక్కడికి ప్రయాణమైనా సత్తెమ్మ వెనక నిలబడి సాగనంపవలసిందే. సొంతవాళ్ళే కానక్కర లేదు. పటేలు కోడలు పుట్టింటికి పోతున్నా, ఎవరైనా ఎడ్లను సూర్యాపేట సంతకు తోలుకుపోతున్నా, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చి బండి మలుపు తిరిగేదాకా నిలబడేది. "సత్తెమ్మ సూడంది బండి చక్రం తిరగదురా" అని రేవులో మగవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది గాని అక్కడి నుంచి కదిలేది కాదు.

ఈ అలవాటు పోయినేడు వానకాలం నుంచి పట్టుకుంది. అవి పాడు రోజులు. రజాకార్ల భయానికి కృష్ణ ఒడ్డు ఊళ్ళలోని మగవాళ్ళు పుట్లెక్కి, ఆ తోలు పడవల్లో అవతలి గుంటూరు జిల్లాకు దాటిపోతున్నారు. సత్తెమ్మ మొగుడు జంగయ్య కూడా పోయాడు. పోయే పొద్దు ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. దేనికని ఇప్పుడు అడిగితే చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గు, అంత చిన్న సంగతి. ఆ కోపంలో ఆమె రేవు దాకా పోలేదు. తలుపు దగ్గరికేసుకొని గోడవైపు తిరిగి పడుకుంది. అవతలి ఒడ్డున వేసిన పాకల్లో కలరా వచ్చింది. నెల తిరగకముందే జంగయ్య లేడన్న కబురు వచ్చింది.

చావు అందరికీ ఉన్నదే అనుకొని ఆమె ఎట్లాగో తట్టుకుంది. తట్టుకోలేనిది ఇంకొకటి. పుట్టి కదిలిన తర్వాత ఆయన ఒడ్డు దిక్కు ఎన్నిసార్లు తిరిగి చూసి ఉంటాడో, ఒడ్డున అందరి ఆడవాళ్ళూ ఉండి తను లేకపోతే ఏమనుకొని ఉంటాడో! కూడు తింటున్నా, గడ్డి కోస్తున్నా ఆ చూపే ఆమె వీపున గుచ్చుకునేది.

రజాకార్లు పోయారు, యూనియన్ సైన్యం వచ్చింది, ఏడాది తిరిగింది. ఇప్పుడు కూతురు పోతున్నది.

సీత ఒక్కతే బిడ్డ. త్రిపురారంలో ఇచ్చింది. చంకలో చంటిపిల్ల కూడా ఉంది. అల్లుడు గోపయ్య మట్టిపని చేసేవాడు. ఎక్కడో తుంగభద్ర మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారని, ఆలుమగలకు పని, ఉండటానికి గుడిసె ఇస్తారని ఒక మేస్త్రీ మనుషులను పోగుచేస్తున్నాడు. సోమవారం తెల్లవారుజామున మిర్యాలగూడలో లారీ ఎక్కాలి. ఆ లారీ కోదాడలో ఆగి, బెజవాడ పోతుంది. అక్కడి నుంచి రైలు. మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తారో గోపయ్యకే తెలియదు. "కోదాడల సద్ది తినేటందుకు ఆపుతరట. అమ్మను ఆడికి రమ్మను" అని సీత మనిషితో చెప్పి పంపింది.

ఆ కబురు అందిన మర్నాడే మరిది పిచ్చయ్య వచ్చి గడపలో కూర్చున్నాడు. జంగయ్యకు తమ్ముడు. మఠంపల్లి దిగువ రేవులో పుట్టి వేసేవాడు.

"వదినె, సూర్యాపేట నుంచి సారొకాయన వచ్చిండు. కొంగల గడ్డ మీద మూడు దినాలు ఉంటడంట. వండిపెట్టే మనిషి కావాలె."

"కొంగల గడ్డ మీద ఏముందని ఉంటడు?"

"కొంగలున్నయి."

"కొంగలను ఏం జేసుకుంటడు? తింటడా?"

"తినడట. సూస్తడంట."

సత్తెమ్మ నవ్వింది. తర్వాత ముఖం ముడుచుకుంది. "సోమవారం నేను కోదాడల ఉండాలె. గది తప్పితే నా పాణం పోతది."

"గందుకే నిన్ను అడుగుతున్న. ఐతారం పగటీలికి గడ్డ ఇడిసి ఒడ్డుకు వస్తం. సారు బండి రేవు కాడ ఉంటది. ఆయన కోదాడ మీది నుంచే సూర్యాపేట పోవాలె. నిన్ను బండ్ల ఎక్కించుకుంటనన్నడు. ఇరవై అయిదు మైళ్ళు నడక తప్పుతది."

ఇంట్లో ఒక్కతే కూర్చొని సోమవారం కోసం కాచుకుంటే పిచ్చెక్కుతుందని ఆమెకు తెలుసు. సరేనన్నది.

కృష్ణమూర్తి సారు నలభై దాటిన మనిషి. భూములున్న ఇంట పుట్టి, బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే పక్షుల వెంట తిరిగేవాడు. మెడలో దుర్బీను, చంకలో నోటు పుస్తకం, బండి నిండా సామాను. యుద్ధం అయిపోయాక అంగట్లో అమ్మిన మిలిట్రీ డేరా ఒకటి తెచ్చుకున్నాడు. అడవిలో కమ్యూనిస్టు దళాలు, ఊళ్ళలో పోలీసు క్యాంపులు ఉన్న రోజులవి. రేవుల్లో పుట్లన్నీ పోలీసులు ఒడ్డెక్కించి గొలుసులు వేసేశారు. సారు పెద్దలతో మాట్లాడి అనుమతి చీటీ తెచ్చుకున్నాడు గనక పిచ్చయ్య పుట్టి ఒక్కటి నీళ్ళలోకి దిగింది.

కొంగల గడ్డ నది నడుమ ఉంటుంది. రేవుకు కోసెడు దూరం దిగువన, నది వంక తిరిగిన చోట. చుట్టూ ఇసుక, మధ్యలో ఏరుమద్ది చెట్లు, ఈత పొదలు, లోపలికి పోతే ఆకాశం కనపడనంత చిక్కని అడవి. ఊరి వైపు పాయలో నీళ్ళు నల్లగా ఉంటాయి. అక్కడ మొసళ్ళు ఉన్నాయి. అవతలి పాయ వెడల్పు, సుళ్ళు ఎక్కువ.

శుక్రవారం పొద్దున గడ్డ మీద దిగారు. దిగీ దిగగానే సారు నోరు తెరుచుకొని నిలబడిపోయాడు. ఒడ్డున ఉన్న నాలుగు మద్దిచెట్ల నిండా కొంగలే. ఎర్రకాళ్ళ కొంగలు, గుల్లకొంగలు, కొమ్మకొమ్మకూ గూడు, గూటిగూటికీ పిల్లల నోళ్ళు. కింద నేలంతా సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఆ కంపుకు సత్తెమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

పిచ్చయ్య పుట్టిని నీళ్ళలో నుంచి లాగి నెత్తిన బోర్లించుకొని చెట్ల వైపు నడిచాడు. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప, దానికి దున్నపోతు తోలు తొడుగు. నీళ్ళలో వదిలేస్తే తోలు నాని ఉబ్బుతుంది. అందుకని దిగినప్పుడల్లా ఎండకు ఆరగట్టాలి. నేల మీద పెట్టకూడదు. ఆ తోలుకు చేపనూనె పూస్తారు, ఆ వాసనకు కుక్కలు వస్తాయి, నక్కలు వస్తాయి. అందుకే రేవులో పుట్లన్నీ రాత్రిపూట చెట్టు కొమ్మలకు వేలాడుతుంటాయి. పుట్టివాళ్ళ ఇళ్ళలో నడక వచ్చిన పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

"ఆగు ఆగు పిచ్చయ్యా! ఆ చెట్టుకా కడుతున్నవ్?" అని సారు పరుగెత్తుకొచ్చాడు.

"అవు సారూ. ఎత్తుల ఉండాలె."

"వద్దు నాయినా, నీకు దండం పెడత. ఆ కొమ్మ కదిలితే తల్లులు లేచిపోతయి. పిల్లలకు ఎండ తగులుతది, కాకులు తన్నుకపోతయి. కింద పెట్టు, ఏం కాదు."

పిచ్చయ్య నెత్తిన పుట్టితోనే వదినె వైపు చూశాడు. సత్తెమ్మకు 'నక్కలుంటయి సారూ' అన్న మాట నాలుక దాకా వచ్చింది. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు నక్కలు నడిచి గడ్డ మీదికి వస్తాయి, వానలు పడ్డాక తిరిగి పోలేక ఇక్కడే ఉండిపోతాయి. కాని అంత చదువుకున్న మనిషి దండం పెడతానంటే ఎదురు చెప్పడం ఎట్లా? ఆమె నోరు మూసుకుంది. పిచ్చయ్య "సరే తియ్యి సారూ, కంప అడ్డమేస్త" అని పుట్టిని ఇసుకలో ఒక కర్రకు ఆనించి, నాలుగు తుమ్మకంపలు చుట్టూ లాగాడు. ఇంకే చెట్టుకన్నా కడదామంటే లోపలి అడవిలో ఎండ తగలదు.

సాయంకాలం ఆమె అన్నం వండి, చేపలు కాల్చింది. సారు ఇసుక మీద బోర్లా పడుకొని దుర్బీను పెట్టి చూస్తున్నాడు. నీళ్ళ అంచున పసుప్పచ్చటి బాతులు రెండు నడుస్తున్నాయి.

"సత్తెమ్మా, వీటిని మీరు ఏమంటరు?"

"బాపనబాతులంటం సారూ."

"ఇవే జక్కవలు. పొద్దు గూకంగనే ఆడది ఒక ఒడ్డుకు, మగది ఒక ఒడ్డుకు విడిపోయి రాత్రంతా ఒకదాని కోసం ఒకటి ఏడుస్తయని పద్యాల్లో రాసిన్రు."

సత్తెమ్మ ఆ దిక్కుకు తిరిగింది. పొయ్యి వదిలిపెట్టి, చీకటి పడేదాకా ఆ బాతులనే చూసింది. తర్వాత వచ్చి, "ఏడ ఇడిపోయినయి సారూ? రెండూ గా ఇసుకలనే మెడలు ముడుసుకొని పండుకున్నయి" అన్నది.

సారు పకపకా నవ్వి, లాంతరు దగ్గరికి జరిగి ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకున్నాడు. "వాళ్ళు నీలెక్క కూసొని చూసి ఉండరు" అన్నాడు. మంచి మనిషే అనుకుంది ఆమె.

తెల్లవారి లేచేసరికి పిచ్చయ్య ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు. కంపలు పక్కకు పడి ఉన్నాయి. పుట్టి బోర్లా పడి ఉంది. అంచు పొడుగునా తోలు లేదు. అడుగున కూడా రెండు చోట్ల మనిషి దూరేటంత బొక్కలు. మిగిలిన తోలు పీలికలు పీలికలుగా వేలాడుతున్నది. వెదురు బద్దలు పక్కటెముకల్లా బయటికి కనబడుతున్నాయి. చుట్టూ నక్కల అడుగులు.

"కొత్త తోలు వదినె. మొన్ననే కప్పిన" అన్నాడు పిచ్చయ్య.

సత్తెమ్మ పుట్టిని చూసింది, నల్లటి పాయను చూసింది. శనివారం. ఇవాళ, రేపు. ఎల్లుండి పొద్దునకు కోదాడ.

సారు కళ్ళు నులుముకుంటూ వచ్చి, చూసి, "అయ్యో అయ్యో" అన్నాడు. "తప్పు నాదే పిచ్చయ్యా. కొత్త తోలు నేను ఇప్పిస్త. పరేషాన్ కాకు. ఎవరో ఒకరు వస్తరు గదా. రేపు బండివాడు మనం రాకుంటే వెతుకుతడు" అని, కాసేపటికి దుర్బీను తీసుకొని అడవిలోకి పోయాడు. ఆయనకు ఇంకొక రోజు దొరికినట్టే ఉంది. తప్పయిందని మనసులో ఉన్నా, కొత్త పిట్ట కనబడితే ఆ తప్పు ఆయనకు గుర్తుండటం లేదు.

పొద్దంతా వదినె మరుదులు ఇసుక కొసన నిలబడి కేకలు వేశారు. నది వెడల్పు మీద కేక పోయి పోయి పలచబడిపోయేది. మధ్యాహ్నానికి అవతల ఒడ్డున మేకలతో ఒక మనిషి కనబడ్డాడు. సత్తెమ్మ కొంగు విప్పి ఊపింది. "ఓ అన్నా! ఓ మేకల అన్నా!" అని గొంతు చిరిగేలా అరిచింది. పిచ్చయ్య పచ్చి ఆకు వేసి పొగ లేపాడు. ఆ మనిషి ఆగి ఇటు చూశాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని పొగను చూశాడు. ఒక్కసారిగా మేకలను అదిలించి, కర్రతో కొట్టుకుంటూ గట్టు దాటించి మాయమయ్యాడు.

"మనల్ని దళపోళ్ళు అనుకున్నడు" అన్నాడు పిచ్చయ్య. "ఇగ అరిసినా ఎవ్వడు రాడు. అరిస్తే ఇంక దూరం ఉరుకుతరు. పొగ సూసి పోలీసోళ్ళు తుపాకులు పేలిస్తే అదొకటి."

మంట మీద ఇసుక పోశాడు. ఆ ఇసుకతో పాటే సత్తెమ్మ ఆశ కూడా పూడిపోయింది.

ఆ పగలు ఎంతకీ తరగలేదు. ఆమె గడ్డ చుట్టూ తిరిగింది. పైకొసన నిలబడితే రేవు దిక్కు వంక అడ్డం. కింది కొసన సుళ్ళు. ఎటు పోయినా నాలుగు వందల అడుగుల్లో నీళ్ళు ఎదురొచ్చి ఆపేవి. నెత్తి మీద కొంగలు మాత్రం గడ్డకూ ఒడ్డుకూ నడుమ ఇంట్లో తిరిగినంత సులువుగా పోతూ వస్తూ ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది. అడవిలో ఎక్కడో ఇంకా పొద్దుండగానే నక్క ఒకటి ఊళ పెట్టింది. అవీ గడ్డ దాటి పోలేకనే ఉన్నాయి కదా అనుకుంది.

"ఈది పోరాదా పిచ్చయ్యా?"

"నేను పోత. మొసలి కడుపుల నుంచి మీకు కేకేస్త" అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి తల వంచుకున్నాడు. "పోయినెల గౌండ్ల పోరన్ని గీ పాయలనే పట్టింది వదినె."

మధ్యాహ్నం నుంచే ఆమె చూపు ఒకదాని మీద ఆగి ఆగి వస్తున్నది. సారు డేరా. మందపాటి గుడ్డ. రాత్రి మంచు కురిస్తే లోపలికి చుక్క దిగలేదు. పుట్టి గంపకు తోలు బదులు ఆ గుడ్డ కప్పితే? ఆ మాట అడగడానికి రెండుసార్లు డేరా దాకా పోయింది. సారు లోపల కూర్చొని బొమ్మ గీసుకుంటున్నాడు. దానిని కోసి ఇయ్యమని ఎట్లా అడగడం? సారు పడుకునే ఇల్లు అది. అడిగితే ఏమనుకుంటాడు? ఆయనకే తోచకపోతుందా? రెండుసార్లూ "అన్నం పెట్టమంటరా సారూ" అని అడిగి తిరిగి వచ్చింది. అట్లా శనివారం పోయింది.

ఆదివారం తెల్లవారుతూనే సారు పొయ్యి దగ్గరికి వచ్చి, "ఇవాళ గూళ్ళ లెక్క తీస్త. నూటికి తక్కువ ఉండవు" అన్నాడు ఉత్సాహంగా.

సత్తెమ్మ చేతిలో గరిట పక్కన పెట్టింది. "సారూ, మీ డేరా ఇయ్యాలె."

"ఏమిటి?"

"డేరా కోసి పుట్టికి కప్పాలె. గదొక్కటే ఉంది. రేపు పొద్దున నేను కోదాడల ఉండాలె సారూ. నా బిడ్డ పోతున్నది."

సారు ఆమెను మొట్టమొదటిసారి చూసినట్టు చూశాడు. "రేపేనా?" అన్నాడు. "నేను మర్చేపోయిన సత్తెమ్మా. నిన్ననే ఎందుకు అడగలేదు?"

సారు తనే పోయి డేరా తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

ముగ్గురూ కలిసి పని పట్టారు. నక్కలు వదిలిన తోలు ముక్కలను పిచ్చయ్య అడుగున అతికించాడు. దాని మీద గుడ్డను రెండు మడతలు వేసి లాగి, డేరా తాళ్ళతోనే అంచుకు బిగించి కుట్టాడు. అతని సంచిలో కుట్లకు పూసే గుగ్గిలం పిడికెడు ఉంది. వంట గిన్నెలో లాంతరు ఆముదం పోసి కాచి, ఆ గుగ్గిలం కరిగించి గుడ్డకు పూశారు. అది అడుగుకు సరిపోయింది గాని పక్కలకు రాలేదు. పొద్దు నడినెత్తి దాటింది. సత్తెమ్మ వేళ్ళు కాలాయి. ఆమెకు తెలియలేదు.

పుట్టిని నీళ్ళలో పెట్టి పిచ్చయ్య ఎక్కాడు. తేలింది. సారును ఎక్కమన్నాడు. తేలింది గాని, అంచు జానెడు దిగింది. పక్కల నుంచి చెమట పట్టినట్టు నీళ్ళు ఊరడం మొదలైంది. సత్తెమ్మ ఒక కాలు పెట్టిందో లేదో అడుగు బాన కడుపులా కిందికి ఉబ్బింది.

"ఇద్దరమే పోవాలె" అన్నాడు పిచ్చయ్య. "నేను, ఇంకొకరు. కట్టేసిన పుట్టి చీటీ సూపి ఇడిపించుకొని మల్ల వస్త."

"ఎప్పటికి?" అని సారు అడిగాడు.

"పొద్దూకేలోపల వస్తనేమో. లేకుంటే రేపు పొద్దుగాల."

సారు అప్పటికే పుట్టిలో కూర్చొని ఉన్నాడు. దిగలేదు. దుర్బీను మెడలో సర్దుకున్నాడు. "అయితే నేను ముందు పోతే మంచిది గదా. చీటీ నా పేరు మీద ఉంది. క్యాంపువాళ్ళతో నేను మాట్లాడితే జల్ది అయితది. సత్తెమ్మకు ఇక్కడ అలవాటే."

"అవు సారూ" అన్నాడు పిచ్చయ్య వెంటనే. సారు మాటకు అతని నోట అవునే వస్తుంది. పుట్టిని నెట్టడానికి తెడ్డు ఇసుకలో ఆనించాడు.

సత్తెమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఇప్పుడు నోరు మెదపకపోతే పుట్టి కదులుతుంది. కదిలితే అది మళ్ళీ వచ్చేది రాత్రికో, రేపటికో. సీత కోదాడలో లారీ మీది నుంచి నలుదిక్కులా చూస్తుంది. ఆమె పుట్టి అంచు పట్టుకుంది.

"దిగండి సారూ."

పిచ్చయ్య తెడ్డు ఆగిపోయింది. "వదినె!" అన్నాడు.

"నువ్వు ఊకో. శుక్రారం నాడు నోరు మూసుకున్న, పుట్టి పోయింది. నిన్న మూసుకున్న, ఒక దినం పోయింది. ఇయ్యాల మూసుకోను. సారూ, దిగుండ్రి. చీటీ పిచ్చయ్య చేతికియ్యిండ్రి, సూపెడతడు. నాకు పోవాలె."

సారు ముఖం ఎర్రబడింది. అడవి వైపు చూశాడు. ఆ చూపు చూసి సత్తెమ్మకు అసలు సంగతి అర్థమైంది. ఆయనకు బడి తొందర లేదు, క్యాంపు తొందర లేదు. డేరా లేకుండా, ఒక్కడే, నక్కలున్న గడ్డ మీద చీకటి పడటం ఆయనకు భయం. ఇన్నేళ్ళు అడవుల వెంట తిరిగినా ఎప్పుడూ ఎవరో ఒకరు పొయ్యి దగ్గర ఉండి ఉంటారు.

ఆమెకు జాలి కలిగింది. ఆ జాలితోనే మెత్తబడిపోతానేమోనని అంచు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"కట్టెలు మస్తు కొట్టి పెట్టిన. పొద్దూకకముందే రెండు దిక్కుల నెగడు పెట్టుకోండ్రి. నెగడు దాటి నక్క రాదు. అన్నం కుండల ఉంది" అన్నది.

"పొగ చూసి పోలీసులు..." అన్నాడు సారు నీరసంగా.

"పిచ్చయ్య ముందుగాల ఆళ్ళకే చెప్తడు."

సారు లేచి నీళ్ళలోకి దిగాడు. పుట్టి ఊగింది. జేబులో నుంచి చీటీ తీసి పిచ్చయ్యకు ఇచ్చాడు. నోటు పుస్తకంలో ఒక కాగితం చింపి, ఏదో రాసి సత్తెమ్మకు ఇచ్చాడు. "రేవులో నా బండి ఉంటది. బండివానికి ఇది ఇయ్యి. నిన్ను కోదాడ తోల్తడు" అన్నాడు. తన పెద్ద ఇత్తడి గ్లాసు కూడా ఆమె చేతిలో పెట్టాడు. "నీళ్ళు తోడుకోవాలె గదా."

పుట్టి పాయలోకి పోయింది.

గుడ్డ పుట్టి తోలు పుట్టిలా మాట వినదు. ప్రతి తెడ్డుకూ అటు తిరిగి ఇటు తిరిగి, దిగువకు జారిపోతున్నది. నాలుగు బారలు పోయేసరికి సత్తెమ్మ మడమలు మునిగాయి. "తోడు వదినె, తోడు!" అని పిచ్చయ్య అరిచాడు. ఆమె తోడింది. ముంచి పోసేలోపు మళ్ళీ అంతే నీళ్ళు. ఒకచోట కుట్టు తెగి దారంలా నీళ్ళు చిమ్మాయి. ఎడమ మడమ అక్కడ ఆనించి, కుడిచేత్తో తోడుతూనే ఉంది.

ఒడ్డున నిలబడ్డ సారును ఒక్కసారి తిరిగి చూడాలని ఆమె అనుకుంది. ఒక మనిషిని అట్లా వదిలేసి వస్తూ చూడకుండా పోవడం ఎట్లా? తల తిప్పబోయిన ప్రతిసారీ కాలికింద నీళ్ళు జరజరా పాకేవి. కళ్ళు గ్లాసు మీదికే పోయేవి. నడి పాయలో నల్లటి నీళ్ళ మీద పొడుగాటి వీపు ఒకటి తేలి మునిగింది. ఇద్దరూ చూశారు. సత్తెమ్మ ఇంకా జోరుగా తోడింది.

పాయ సగం దాటాక ఆమెకు తట్టింది. ముంచుతూనే అడిగింది.

"పిచ్చయ్యా, పోయినేడు మీ అన్నను దాటించింది నువ్వే గదా."

"నేనే."

"ఒడ్డు దిక్కు సూసిండా?"

"ఏ ఒడ్డు?"

"మన ఒడ్డు. ఎన్కకు తిరిగి సూసిండా?"

ఏడాదిగా అడగలేని మాట అది. పిచ్చయ్య రొప్పుతూ తెడ్డు వేస్తున్నాడు. "ఏడ సూస్తడు వదినె! పదకొండు మందిమి ఎక్కినం. వానకాలం నది. తలపాగ ఇప్పి, పిండుకుంట తోడుకుంట పోయిండు గా ఒడ్డు దాక. తల ఎత్తలే."

"ఒడ్డెక్కినంక ఏమన్నడు?"

"ఆకలైతుందిరా అన్నడు."

"గంతేనా?"

"గంతే. ఇంకేమంటడు? తోడు, తోడు!"

సత్తెమ్మ తోడింది. ముఖం మీద కారుతున్నది నది నీళ్ళో మరేమిటో తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నవ్వు కూడా వస్తున్నది. ఇన్నాళ్ళూ తన వీపున గుచ్చుకున్న చూపు ఎవరిది మరి?

గడ్డకు అరమైలు దిగువన, రాళ్ళ మీద పడేసినట్టు పుట్టి ఒడ్డుకు తగిలింది. ఇద్దరూ పరుగు పరుగున రేవుకు పోయారు. బండివాడు అప్పటికే ఎడ్లు విప్పి, ఏం చెయ్యాలో తెలియక చుట్ట కాలుస్తున్నాడు. పిచ్చయ్య చీటీ తీసుకొని క్యాంపుకు పోయాడు. సత్తెమ్మ బండి ఎక్కే వేళకు, గొలుసు విప్పిన పుట్టిని ఇద్దరు మనుషులు నీళ్ళలోకి దింపడం కనబడింది. ఇంకా వెలుగు ఉంది. ఆమె చేతులు జోడించి, ఎవరికని లేకుండా ఒక దండం పెట్టుకుంది.

బండి రాత్రంతా నడిచింది. సోమవారం పొద్దు బారెడెక్కాక కోదాడ వచ్చింది.

బెజవాడ రోడ్డు మీద లారీ నిలబడి ఉంది. మనుషులు దిగలేదు, సద్దులు విప్పలేదు. దారిలో చక్రం చెడి ఆలస్యమైందట, మేస్త్రీ కింద నిలబడి "దిగద్దు, ఎవ్వరు దిగద్దు, రైలు పోతది" అని కేకలు వేస్తున్నాడు. లారీ మీద కుండలు, పారలు, గంపలు, కోడిపెట్టలు, మనుషుల తలలు. సత్తెమ్మ చుట్టూ తిరిగింది. ఒక్క ముఖమూ తెలియలేదు. "సీతా! ఓ సీతా!" అని వెనక చెక్కను అరచేత్తో కొట్టింది.

"అమ్మా!"

రెండు భుజాల సందులో నుంచి సీత ముఖం కనబడింది. చంకలో పిల్ల ఏడుస్తున్నది. ఇంకొక చేత్తో నెత్తి మీదికి జారుతున్న పెనాన్ని ఆపుకుంటున్నది. "వచ్చినవా? రావేమో అనుకున్న. అమ్మా, గా మూట జర అందియ్యే, కింద పడ్డది. నీ అల్లుడు ఎక్కడ సచ్చిండో!"

సత్తెమ్మ రోడ్డు మీద పడ్డ మూటను ఎత్తి అందించింది. ఎవరో అందుకొని సీత కాళ్ళ దగ్గర పడేశారు. చెప్పాలని రాత్రంతా బండిలో ఎన్నో కూర్చుకుంది. వాటిలో ఒక్కటీ రాలేదు.

"పిల్లను రెండు చేతుల పట్టుకో. పెనం కింద పెట్టు. సంచి మీద కూసో, అంచున కూసోకు."

"ఆఁ, ఆఁ. నీ కండ్లేంది గట్లున్నయి? నిద్రపోలేదా?"

"పోయిన. నువ్వు మంచిగ కూసో."

లారీ గర్రుమన్నది. సీత పడబోయి పక్కామెను పట్టుకుంది. పెనం ఢమఢమా మోగింది. పిల్ల ఏడుపు అందుకుంది. సీత వంగి పిల్లను ఒళ్ళోకి లాక్కుంటుంటే మనుషుల భుజాలు ఆమెను కప్పేశాయి. లారీ కదిలి, దుమ్ము లేపుకుంటూ పోయింది. అందులో నుంచి ఒక్క చెయ్యీ ఊగలేదు.

సత్తెమ్మ దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది. బండివాడు ఎడ్లకు నీళ్ళు పెట్టి వచ్చి, జాలిగా అడిగాడు. "నీ బిడ్డ తిరిగి సూడనే లేదు గదా పెద్దమ్మా?"

"ఏం సూస్తది బిడ్డా, దాని చేతుల పిల్ల ఉండె" అన్నది సత్తెమ్మ. "మంచిగనే పట్టుకుంది."

కొంగుతో ముఖం తుడుచుకొని, ఆకలేస్తున్నదని, ఇక్కడ ఇడ్లీలు ఎక్కడ దొరుకుతాయని అతన్ని అడిగింది.